ఆగాల్సిన చోట

"ఫ్యూజు ఇవ్వండి అత్తయ్యా."

"ఇవ్వను."

"ఫ్రిజ్‌లోంచి నీళ్ళు కారి వంటగదంతా చిత్తడిగా ఉంది."

"ఉండనీ. తుడుచుకునేదాన్ని నేనేగా. నువ్వెలాగూ వెళ్ళిపోతున్నావు."

ఫ్యూజు అత్తగారి కొంగు చివర ముడిలో ఉంది. ఆ కొంగు ఆవిడ నడుము చుట్టూ బిగించి ఉంది. ఆవిడేమో వెనకగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, పోలీసులొచ్చి ఎత్తితే తప్ప లేవనన్నట్టు కూర్చుంది.

ఆవిడ వెనకాల గదిలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గోడలకు పరుపులు ఆనించారు. డ్రమ్ములు బిగించారు. మైకులు నిలబెట్టారు. కరెంటు ఒక్కటే తక్కువ.

"నిన్న బస్సెక్కాల్సినదానివి" అంది అత్తగారు. "పెట్టెలు సర్దావు, బీరువా తాళాలు నా చేతికిచ్చావు. ఈపాటికి ఆ కొత్త ఊళ్ళో, కొత్త ఉద్యోగంలో ఉండాలి. మధ్యలో ఈ పాటేమిటి?"

"ఒక్కరోజు ఆపుకున్నానంతే. ఆయన ఎన్నేళ్ళుగానో రికార్డు చేద్దామనుకున్న పాట. అది నా చేత్తో పూర్తిచేసి, రేపు పొద్దున్నే వెళ్ళిపోతాను."

"పూర్తిచేయడానికి నువ్వెవరు? వాడొచ్చి చేసుకుంటాడు."

 కోడలు చెవమ్మ ఏడాదిగా ఈ మాట వింటూనే ఉంది.

నిరుడు ఒక సాయంత్రం ఆమె భర్త కారు తీసుకుని బయటికి వెళ్ళాడు. కారు వంతెన మీద దొరికింది, డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచి. తాళంచెవి దానికే వేలాడుతోంది. పడవలతో నదంతా గాలించారు. మనిషి దొరకలేదు. ఊరంతా ఒక మాట అనుకుని ఊరుకుంది. ఈ ఇంట్లో మాత్రం ఆ మాట పైకి అనడానికి వీల్లేదు.

చెవమ్మ అనేది ఆమె అసలు పేరు కాదు. డబ్బింగు స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. పక్కగదిలో ఎవరు కాగితం తిప్పినా పట్టేస్తుందని తోటివాళ్ళు పెట్టిన పేరది. భర్త కూడా అలాగే పిలిచేవాడు. మొదట్లో మురిపెంగా, తర్వాత వెటకారంగా, ఆఖరి రోజుల్లో ఒళ్ళు మండిపోతూ.

సోఫాలో కూర్చున్న దడదడ దిండు మీద వేళ్ళతో దరువేస్తూ గొంతు సవరించుకున్నాడు. భర్త బృందంలో డ్రమ్మరు అతను, దడదడ అనేది అందరూ పెట్టిన పేరు. పెళ్ళికి ముందు నుంచీ ఈ ఇంటి మనిషే.

"పిన్నిగారూ, ఫ్యూజు మీ దగ్గరుంది, షాక్ మాకు కొడుతోంది."

"నువ్వు నోరు మూసుకో. నీ బాదుడు భరించలేకే వాడు ఇల్లు విడిచి పోయుంటాడు."

"నేను బాదేది వారానికి ఒక్కరోజు పిన్నిగారూ. ఆమాత్రానికి కారు వంతెన మీద వదిలేసి ఎవరైనా..."

మాట మధ్యలో మింగేశాడు. దిండు మీద వేళ్ళు ఆగిపోయాయి. 

అప్పుడు మరిది వచ్చాడు. అన్నకంటే పదేళ్ళు చిన్నవాడు, అన్నలాగే నుదుటి మీద జుట్టు పడుతూ ఉంటుంది. తల్లి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు.

ఆవిడ కొడుకు ముఖంలోకి చూసింది. "నిజంగానా?" అంది.

"నిజంగానే అమ్మా."

అత్తగారు కొంగు ముడి విప్పి, ఫ్యూజు కోడలి అరచేతిలో పెట్టింది. 

పొద్దుటి నుంచి కదలని మనిషి ఒక్క గుసగుసకు కదిలింది. పక్కగదిలో కాగితం చప్పుడు వినే చెవమ్మకు, రెండడుగుల దూరంలో మరిది ఏమన్నాడో వినబడలేదు.

*

గిటారు మూలన స్టాండు మీద ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది.

పన్నెండు తీగల గిటారుకు తీగలన్నీ జంటలు. ప్రతి జంటలో రెండూ కలిసి మోగాలి. కొన్ని జంటల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. అసలైతే ఎవరూ ముట్టుకోకపోయినా అది పలుకుతుంది. గదిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, ఆ గొంతుకు సరిపడే తీగలు వాటంతటవే సన్నగా వణుకుతాయి.

భర్త పోయిన కొత్తలో అత్తగారు రోజూ గుమ్మంలో నిలబడి "పెద్దోడా!" అని పిలిచేది. మూలలోంచి గిటారు 'ఊఁ' అన్నట్టు మూలిగేది. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయేది. ఆ మూలుగు రాకముందే చెవమ్మ రెండు చెవులూ మూసుకునేది. వేళ్ళ సందుల్లోంచి కూడా వినబడేది.

రెండు నెలలుగా అత్తగారు ఆ పిలుపు మానేసింది. మనసు కుదుటపడిందనుకుంది చెవమ్మ. ఇక ఆవిణ్ణి వదిలి వెళ్ళొచ్చని ధైర్యం వచ్చింది కూడా అందుకే.

"మొదలెడదామా?" దడదడ కర్రలు చేతిలోకి తీసుకున్నాడు.

పాట పాతది. వీళ్ళెవరూ పుట్టకముందు పుట్టింది. పన్నెండు తీగల గిటారు గలగలలతోనే అది లోకమంతా తిరిగింది. గిటారు చేతబట్టిన ప్రతి కుర్రాడూ ఒకసారైనా దాన్ని కెలికి చూసినవాడే. వీళ్ళు తమ పద్ధతిలో మళ్ళీ చేద్దామనుకున్నారు. గిటారు మాత్రం భర్తదే ఉండాలని చెవమ్మ పట్టుబట్టింది. లేకపోతే ఈ పాటకు అర్థం లేదు.

ఆ గిటారు వాయింపు ఒక పెన్‌డ్రైవులో ఉంది. "అన్నయ్య పాత లాప్‌టాప్‌లో దొరికింది వదినా, మీ పెళ్ళికి ముందు చేసుకున్నది" అని పోయినవారం మరిది తెచ్చిచ్చాడు. చెవమ్మ ఇంతవరకూ వినలేదు. ధైర్యం చాల్లేదు. రికార్డింగులోనే వింటాను, ఒక్కసారి విని సాగనంపుతాను అనుకుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మీట నొక్కింది.

గిన్నెలో గాజుముక్కలు పోసి కదిపినట్టు గిటారు మొదలైంది.

ఆయనే. సందేహం లేదు. మూడో జంటలో సన్నతీగ ఊరికే తెగిపోతుందని ఆయన దాన్ని తీసేసి, పదకొండు తీగలతోనే వాయించేవాడు. ఆ ఒక్క తీగ లేని వెలితి, ముందుపన్ను ఊడిన నవ్వులా, ఆయన వాయింపులో ఎప్పుడూ ఉంటుంది. ఇందులోనూ ఉంది. ఆమె కళ్ళు నిండాయి.

పాట మొదట్లో వచ్చే ఎత్తుగడ నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి చివర తీగల మీద మూడో మీటు పడింది.

తర్వాత ఏమీ లేదు.

ఖాళీ. ఒక లెక్క సేపు నిశ్శబ్దం. ఆ తర్వాతే పాట అందుకుంది.

చెవమ్మ మీట నొక్కింది. పాట ఆపేసింది. డ్రమ్ముల వెనక దడదడ కూడా ఆగిపోయి ఆమెనే చూస్తున్నాడు. అతని హెడ్‌ఫోన్స్‌లోనూ అదే వినబడింది మరి.

భర్త అక్కడ ఆగేవాడు కాదు. జన్మలో ఆగలేదు. మూడో మీటు తర్వాత నాలుగోది వేసి ఆ ఖాళీని నింపేసేవాడు. కుర్రతనంలో తప్పు విని తప్పు నేర్చుకున్నాడు, అలాగే ఎన్నో వేదికల మీద వాయించాడు. ఆ సాయంత్రం ఇదే గదిలో చెవమ్మ ఉండబట్టలేక అనేసింది.

"అక్కడ ఆగాలి."

"ఆగితే అక్కడ ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. అందుకే ఆ పాట అంత బాగుంటుంది." నోటితో పాడి చూపించింది. మూడు మీటులు, ఒక మౌనం.

"ఇన్నేళ్ళూ నేను వాయించింది తప్పంటావు. వీడి ముందర."

వీడంటే దడదడ. గదిలో ఉన్నది ఆ ముగ్గురే. ఇక మాటకు మాట పెరిగింది, గిటారు స్టాండెక్కింది, కారు స్టార్టయింది. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. ఒక్క మీటు కోసం మొగుణ్ణి పోగొట్టుకున్నానని ఆమె ఎవరితో చెప్పుకుంటుంది?

పెళ్ళికి ముందు చేసిన రికార్డింగులో, ఆ సాయంత్రం దాకా ఆయనకు తెలియని మౌనం ఎలా వచ్చింది?

"ఏమైంది వదినా?" గుమ్మం దగ్గర మరిది.

"ఏమీ లేదు. ఉండు."

ఆ గలగల నిలవాలంటే వేళ్ళు చాలవు, కంప్రెసర్ కావాలి. అది పెద్ద శబ్దాన్ని నొక్కిపెట్టి చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది. దాంతో ఒక చిక్కుంది. మీటుకూ మీటుకూ మధ్య ఆ గదిలో ఏముంటే అదీ లేచి కూర్చుంటుంది. చెవమ్మ దాన్ని పూర్తిగా బిగించి ఆ ఖాళీ దగ్గరికే మళ్ళీ వెళ్ళింది.

మూడో మీటు. తర్వాత ఆ మౌనం అడుగునుంచి, నీళ్ళలోంచి తేలినట్టు, ఒక ఊపిరి పైకి వచ్చింది. లోపలికి పీల్చి, పట్టి, బయటికి వదిలిన ఊపిరి. ఆగాల్సిన చోట ఆగడానికి కష్టపడుతున్న మనిషి ఊపిరి.



*

"చిన్నా" అంది, హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించి. "ఇది ఎప్పటిది?"

"చెప్పాగా. పెళ్ళికి ముందుది."

"ఒట్టు?"

మరిది కళ్ళు తల్లి వైపు వెళ్ళొచ్చాయి. ఆవిడ కుర్చీలోంచి లేచి గుమ్మంలో నిలబడింది.

"సరే, నిజం చెప్పేస్తా" నవ్వబోయాడు. "నేనే వాయించా. లాప్‌టాప్‌లో ఏమీ దొరకలేదు. నువ్వేమో అన్నయ్య వాయింపు ఉంటేగానీ పాట లేదన్నావు. పాట లేనిదే కదలనన్నావు. అందుకని ఆ సన్నతీగ తీసేసి, అచ్చం అన్నయ్యలాగే..."

"అచ్చం అలాగే ఉంది. ఏదీ, ఒకసారి వాయించు."

"ఇప్పుడా?"

"ఎత్తుగడ ఒక్కటి చాలు."

మరిది గిటారు తీసుకున్నాడు. చెయ్యి తగలగానే అది గల్లుమంది. అత్తగారు గుమ్మం పట్టుకుంది. ఎత్తుగడ మొదలైంది. ఒకటి, రెండు, మూడు. చెయ్యి బాగానే తిరుగుతోంది. అన్న నేర్పిన చెయ్యి.

నాలుగోసారి. మూడో మీటు.

వెంటనే నాలుగోది.

దడదడ కర్రలు రెండూ తొడల మీద పడేశాడు. మరిది అది గమనించకుండా ఇంకాస్త వాయించి తలెత్తాడు. "సరిగ్గానే ఉందిగా?"

"మీ అన్నయ్య నేర్పినట్టే ఉంది."

"మరి? నమ్మావా?"

"ఆయన తప్పు నేర్పాడు చిన్నా. ఆ తప్పు నేను దిద్దింది ఆయన పోయిన సాయంత్రం. ఇందులో ఉన్నది దిద్దాక వాయించింది." పెన్‌డ్రైవు కంప్యూటర్ నుంచి పీకి అతని ముందు పెట్టింది. "మా ఆయన ఎక్కడున్నాడు?"

మరిది చేతిలో గిటారు ఇంకా సన్నగా మోగుతోంది. అరచెయ్యి అడ్డంపెట్టి దాన్ని ఆపాడు.

"నీకు చెప్పొద్దన్నాడు వదినా."

దడదడ లేచి నిలబడ్డాడు. "ఒరే, బతికున్నాడా? ఆ నదిలో వాడి కోసం మెడలోతు నీళ్ళల్లో దిగి వెతికాన్రా నేను!"

"నాకూ అప్పుడు తెలీదు. రెండు నెలల కిందట ఫోన్ చేశాడు. పాట లేనిదే వదిన కదలదని చెబితే, వేరే గిటారు మీద ఇది వాయించి పంపాడు."

రెండు నెలలు. గిటారును పిలవడం అత్తగారు మానేసింది అప్పటి నుంచే. అసలు గొంతు దొరికాక ఇక తీగల మూలుగుతో ఆవిడకేం పని?

చెవమ్మ ఆవిడ వైపు తిరిగింది. "మీకూ తెలుసు."

అత్తగారు తల దించుకుంది.

"ఫ్యూజు పీకింది నేను వినకూడదనా?"

"ఇవాళ నువ్వు ఇంట్లో ఉండకూడదని." ఆవిడ చిన్నకొడుకు వైపు చెయ్యి చూపించింది. "పాత రికార్డే అనుకుంటుంది, సాయంత్రానికి ముగించేస్తుంది, బస్టాండు దగ్గర హోటల్లో పడుకోబెడతానన్నాడు వీడు. అందుకని ఇచ్చాను."

"నేను ఇంట్లో ఉంటే ఏమవుతుంది?"

"ఇవాళ వస్తానన్నవాడు రాడు." చెప్పేశాక ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నువ్వు ఉన్నంతకాలం ఈ గుమ్మం తొక్కనన్నాడు. దాని చెవి ముందు నేను బతకలేనమ్మా, తిన్నా వింటుంది, నిద్రపోయినా వింటుంది, నేను తప్పు చేస్తానేమోనని వింటూనే ఉంటుంది అన్నాడు. నేనేం చెయ్యను? కన్నదాన్ని."

"నదిలో వెతుకుతున్నప్పుడు ఆయనకు తెలుసా?"

"పేపర్లో చూశాడట."

"ఒడ్డున నేను నిలబడ్డ ఫోటో కూడా వేశారు. అదీ చూశాడా?"

అత్తగారు కొంగుతో ముఖం కప్పుకుంది.

చెవమ్మకు ఏడుపు రాలేదు. ఏడాదిగా మోసిన బరువు దిగాలి కదా అనుకుంది. దిగలేదు, ఒక భుజం నుంచి రెండో భుజానికి మారింది. చచ్చిపోయాడనుకున్నప్పుడు ఆయన ఇంట్లో ప్రతి గదిలోనూ ఉన్నాడు. బతికున్నాడని తెలిశాక ఎక్కడా లేడు.

"మీరు స్నానాలగదిలో జారిపడితే మూడు వారాలు నా చేత్తో నీళ్ళు పోశాను" అంది నెమ్మదిగా. "దెప్పడానికి కాదు అత్తయ్యా. రాత్రుళ్ళు మీ ఊపిరి వినబడితేనే నాకు నిద్ర పట్టేది. నేను వినేది తప్పుల కోసమే అయితే, అది ఎవరి కోసం విన్నాను?"

అత్తగారు నోరు తెరిచింది. ఏదో అనబోయింది.

చిన్నడ్రమ్ము మీద పెట్టిన మరిది ఫోన్ ఉన్నట్టుండి వణికింది. దాని వణుకుకు డ్రమ్ము అడుగునున్న తీగలన్నీ జరజరమన్నాయి. మరిది చెయ్యి చాచేలోగా చెవమ్మ అందుకుంది. తెర మీద 'గిటారు రిపేరు' అని పేరు. స్పీకర్ నొక్కింది.

"వెళ్ళిందా?"

కాస్త బొంగురుపోయింది గానీ, అదే గొంతు. ఆ గదిలో పరుపులకూ తలుపులకూ తెలిసిన గొంతు.

"చిన్నా, నిన్నేరా. నిన్ననే వెళ్ళాలి కదా. వెళ్ళిందా లేదా?"

చెవమ్మ ఆ ఫోన్ తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. "మీరే చెప్పండి" అంది మెల్లగా, ఆవిడకు మాత్రమే వినబడేలా. "మీరు వెళ్ళమంటే ఈ క్షణమే వెళ్ళిపోతాను. మీ అబ్బాయి మీ ఇంటికి వస్తాడు. నేను అడ్డం రాను."

అత్తగారు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. కోడలి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. సర్దిపెట్టిన పెట్టెల వైపు చూసింది. చిన్నకొడుకు వద్దన్నట్టు తల ఊపుతుంటే వాణ్ణీ చూసింది.

"ఎవరు కావాలండీ?" అంది.

"అమ్మా! నేనే."

"తప్పు నంబరు నాయనా." ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు మాత్రం రాయిలా ఉంది. "నా పెద్దకొడుకు నీళ్ళల్లో పడి చచ్చిపోయాడు. వాడి కోసం నా కోడలు ఒడ్డున నిలబడి ఎదురుచూసింది. పేపర్లో కూడా వేశారు."

మరిది గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు.

ఫోన్ తెగలేదు. అవతల మనిషి ఉన్నాడు.

అప్పుడు వీధి మలుపులో ఏదో లారీ గట్టిగా హారన్ కొట్టింది. ఓరగా తెరిచిన తలుపుల్లోంచి ఆ మోత హాలు దాటి గదిలోకి వచ్చింది. అదే మోత, రెప్పపాటు ఆలస్యంగా, అత్తగారి చేతిలోని ఫోన్‌లోంచి కూడా వచ్చింది.

అవతలి ఫోన్ ఆ మలుపులోనే ఉందని అత్తగారికి తెలియలేదు. దడదడకూ తెలియలేదు.

చెవమ్మ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, వీధి తలుపు వైపు నడిచింది. దాన్ని బార్లా తెరవడానికో, గడియ వేయడానికో, అప్పటికి ఆమెకే తెలియదు.